వదిలేసిన బోరు పాయింటు

(మహబూబ్‌నగర్‌లో డిగ్రీ అధ్యాపకులు, విద్యార్థులు కలిసి కూర్చున్న ఒక ఆదివారం మాట్లాడిన మాటలకు ఇది రాతరూపం. ఫ్యాను చప్పుడులో కలిసిపోయిన చోట్ల నేనే గుర్తు తెచ్చుకుని పూరించాను.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినబడుతోందా? మైకు గొణుగుతోంది గానీ ఫర్వాలేదు, ఇన్నేళ్ళు మైకులేని క్లాసుల్లోనే పాఠం చెప్పినవాణ్ణి.

నాకిచ్చిన అంశం కాగితం మీద చూస్తే చాలా పెద్దగా ఉంది. విశ్వవిద్యాలయ ప్రవేశాల్లో విద్యార్థి విజయాన్ని ముందుగా అంచనా వేయడం అని. మన మాటల్లో చెప్పాలంటే, సీటు ఇచ్చే రోజునే ఈ పిల్ల పాసవుతుందా, మధ్యలో మానేస్తుందా అని చెప్పగలమా? ఇంతే ప్రశ్న. నేను స్టాటిస్టిక్స్ చెప్పేవాణ్ణి కాబట్టి వెంటనే లెక్కలు మొదలుపెడతానని మీరు అనుకుంటూ ఉండొచ్చు. లెక్కలు వస్తాయి, ముందు నేను చేసిన ఒక పని చెప్తాను.

కొన్నేళ్ళ కింద, దోస్త్, అంటే డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్ల సీజన్‌లో హెల్ప్‌లైన్ సెంటర్లో కూర్చున్నాను. దేవరకొండ అవతల తండా నుంచి ఒక తండ్రి, బిడ్డ వచ్చారు. అమ్మాయి ఎంపీసీ, మార్కులు యాభై శాతం చిల్లర. బీఎస్సీ మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్ కావాలంది. నేను మెమో చూసి, తెలుగు మీడియం, మ్యాథ్స్‌లో బొటాబొటి మార్కులు, రోజూ బస్సులో రానుపోను మూడు గంటలు, ఇవన్నీ మనసులో కూడేసుకుని, "వద్దమ్మా, బీఏ పెట్టుకో, హాయిగా పాసవుతావు" అన్నాను. ఆ పిల్ల ఏదో అనబోయింది, తండ్రి "సారు చెప్పిండు కద" అన్నాడు. వెబ్ ఆప్షన్లలో బీఏ పెట్టారు. మూడేళ్ళ తర్వాత టీసీ తీసుకోవడానికి వచ్చి, "సార్, మీరు చెప్పినట్టే చేసిన, మంచి మార్కులతో పాసైన" అని దండం పెట్టింది. నాకు ఆ రోజంతా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. చూశారా, నా అంచనా ఎంత కరెక్టో అని.

అది కరెక్టో కాదో నాకు తెలియదని అర్థం కావడానికి ఇంకో ఏడాది పట్టింది. ఆ పిల్ల బీఏ పాసైంది. బీఎస్సీలో చేరి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు, ఇక ఎప్పటికీ తెలియదు కూడా. ఇంకా చెప్పాలంటే, బీఏలో అంత మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల బీఎస్సీ కూడా లాగేసేదేమో అన్న అనుమానం కలగాలి న్యాయంగా. నాకు కలగలేదు, దండం అందుకున్నాను.

మాది మునుగోడు వైపు. మా దగ్గర బోరు వేసే ముందు పాయింటు చూసేవాణ్ణి పిలవడం మామూలే, మీ పాలమూరులోనూ అంతే కదా. కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని చేనంతా తిరుగుతాడు, ఒకచోట కాయ లేచి నిలబడుతుంది, ఇక్కడ వెయ్యి అంటాడు. నీళ్ళు పడితే ఆయన చెయ్యి మంచిది. పడకపోతే మన నసీబు. ఆ ఆట ఎట్లా ఉన్నా, మీరు ఒక్కటి గమనించండి. ఆయన "ఇక్కడ వద్దు" అన్న చోట ఎవరైనా బోరు వేసి చూశారా? అప్పు తెచ్చి మూడొందల అడుగులు దింపేది ఆయన చూపిన చోటే. వద్దన్న చోట నీళ్ళున్నాయో లేవో భూమికే తెలుసు. కాబట్టి ఆయన లెక్కలో సగం తప్పులు ఎప్పటికీ బయటపడవు. అడ్మిషన్ కమిటీలు, ఎంట్రెన్స్ టెస్టులు, హెల్ప్‌లైన్ సెంటర్లో కూర్చున్న నేను, ఇప్పుడొస్తున్న కంప్యూటర్ ప్రోగ్రాములు, అందరిదీ ఇదే పరిస్థితి. మనం లోపలికి రానిచ్చినవాళ్ళ మీదే మన అంచనాను పరీక్షించుకోగలం. బయటికి పంపినవాడు మనది తప్పని నిరూపించడానికి తిరిగి రాడు.

అంచనా అన్న మాట మనం వాడం గానీ సీటు ఇచ్చే ప్రతి పద్ధతీ అంచనాయే. ఎంసెట్ 1986 నుంచి ఉంది. ఇంజినీరింగ్‌కు 160 ప్రశ్నలు, మూడు గంటలు, అందులో సగం మ్యాథ్సే. చాలాకాలం దానికి 75, ఇంటర్ గ్రూపు మార్కులకు 25 కలిపి ర్యాంకు ఇచ్చేవాళ్ళు. 2023లో తెలంగాణలో ఆ వెయిటేజీ తీసేశారు, 2024 నుంచి పేరు కూడా ఈఏపీసెట్ అయింది. డిగ్రీకి దోస్త్, 2016 నుంచి, అక్కడ ఇంటర్ మార్కులే. బాసర ట్రిపుల్ ఐటీకి టెన్త్ ఫలితాలు. జేఈఈ మెయిన్‌లో 2013 నుంచి నాలుగేళ్ళు బోర్డు మార్కులకు 40 శాతం వెయిటేజీ ఇచ్చి, 2017లో ఎత్తేశారు. అంటే అటు కాసేపు, ఇటు కాసేపు. పెట్టినప్పుడూ తీసేసినప్పుడూ ఒకటే మాట, పిల్లలకు న్యాయం జరగాలని. చేరిన పిల్లల్లో ఎవరు నాలుగేళ్ళకు పూర్తి చేశారు, ఎవరు మానేశారు, వాళ్ళ ఇంటర్ మార్కులెంత, ర్యాంకెంత అని పక్కపక్కన పెట్టి చూసి నిర్ణయించడం మాత్రం సాధారణంగా చర్చలోకే రాదు, చర్చంతా కోర్టు కేసులు, కోచింగ్ సెంటర్లు, తల్లిదండ్రుల టెన్షన్ చుట్టూ తిరుగుతుంది.

సరే, మార్కులు నిజంగా చెప్తాయా? కొంత చెప్తాయి. దీని మీద ఎక్కువ పని జరిగింది అమెరికాలో. అక్కడ శాట్ అని మన ఎంసెట్‌లాంటి పరీక్ష ఉంది, స్కూలు గ్రేడ్లూ ఉన్నాయి. కాలేజీ మొదటి ఏడాది మార్కులతో వీటికున్న సంబంధం చాలా అధ్యయనాల్లో 0.3 నుంచి 0.5 మధ్య తేలింది. సహసంబంధ గుణకం అంటాం క్లాసులో, సున్నా అంటే ఏ సంబంధమూ లేదు, ఒకటి అంటే పూర్తి సంబంధం. 0.5 అనగానే సగం చెప్తుంది అనుకుంటారు మా ఫస్టియర్ పిల్లలు. కాదు, వర్గం చేయాలి. 0.25. పిల్లల మార్కుల్లో కనబడే హెచ్చుతగ్గుల్లో పావు వంతు మాత్రమే ముందటి మార్కులతో అర్థమవుతుంది, మిగతా మూడు పావులు వేరే ఎక్కడో ఉన్నాయి. ఆ పావు వంతు తక్కువేం కాదు. వానాకాలంలో అంతమాత్రం చెప్పగలిగితే రైతు దండం పెడతాడు. కానీ పావు వంతు తెలిసినవాడు పూర్తిగా తెలిసినట్టు మాట్లాడితేనే నాకు కోపం, ఆ కోపంలో మొదటి వాటా నా మీదే.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2007లో చేసిన ఒక పెద్ద పరిశీలనలో, నాలుగేళ్ళ చదువు ఎట్లా సాగుతుందో చెప్పడంలో శాట్ కంటే స్కూలు గ్రేడ్లే మెరుగని తేలింది. ఎందుకో ఊహించడం కష్టం కాదు. పరీక్ష ఒక పూట బలం చూస్తుంది, గ్రేడ్లు నాలుగేళ్ళ హోంవర్కును, జ్వరంతో కూడా బడికి పోయిన రోజుల్ని, సారుకు పడకపోయినా నోరు మూసుకుని చదివిన ఓపికను చూస్తాయి. డిగ్రీ పాసవడానికి కావలసింది కూడా ఎక్కువగా ఆ ఓపికే.

అయితే దీన్ని తెచ్చి మన ఇంటర్ మార్కులకు అతికించేయకండి. మన ఎంపీసీ ఫస్టియర్ 470 మార్కులకు. 465, 466, 467 వచ్చినవాళ్ళ ఫోటోలతో పేపర్లో ఫుల్ పేజీ ప్రకటనలు వస్తాయి, తపాలా బిళ్ళ సైజులో, ఎవరు ఎవరో గుర్తుపట్టలేం. మార్కులన్నీ పైకప్పు దగ్గర గుమిగూడినప్పుడు అవి ఎవరినీ వేరు చేయలేవు. పైగా ఆ 466లో పిల్లవాడి కష్టమెంత, పొద్దున ఐదింటి నుంచి రాత్రి పదకొండింటి దాకా కూర్చోబెట్టిన హాస్టల్ వార్డెన్ కష్టమెంత? వార్డెన్ బీటెక్‌కు వెంట రాడు కదా. మొదటి సెమిస్టర్లో బ్యాక్‌లాగులు పడే పిల్లల్లో నాలుగొందల అరవైలు కూడా ఉంటారని ఇంజినీరింగ్ కాలేజీల్లో పాఠం చెప్పే మిత్రులు చెప్తూనే ఉంటారు. అటు నుంచి చూస్తే, కోస్గి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్ పోస్టు ఖాళీగా ఉన్న ఏడాది అనుకుందాం, గైడు కొనుక్కుని సొంతంగా చదివి 380 తెచ్చుకున్న పిల్ల ఉందనుకుందాం. ఈ రెండు అంకెలూ ఒకే గీత మీద గుర్తులు కావు. ఒకటి మోటారు పెట్టి తోడిన నీళ్ళు, ఇంకోటి చేదతో తోడినవి.

ఇక్కడ ఇంకో మాయ ఉంది, దీంట్లో చాలామంది ప్రిన్సిపాళ్ళు పడతారు. "మా కాలేజీలో చూశాను సార్, ఇంటర్ మార్కులకూ డిగ్రీ మార్కులకూ ఏం సంబంధం లేదు" అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ళ రిజిస్టర్‌లో నిజంగానే కనబడదు. ఎందుకంటే ఆ కాలేజీకి వచ్చిందే అరవై నుంచి డెబ్బై ఐదు శాతం మధ్యవాళ్ళు. తొంభై ఐదులు హైదరాబాద్ పోయారు, నలభైలు అసలు అప్లయ్ చేయలేదు. మధ్య ముక్క మాత్రం కోసుకుని చూస్తే ఏ సంబంధమైనా పలచబడుతుంది. పోలీస్ కానిస్టేబుల్ ఎంపికలో మగవాళ్ళకు 167.6 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. ఆ గీత దాటినవాళ్ళను మాత్రమే నిలబెట్టి లాంగ్ జంప్ పెట్టి, ఎత్తుకూ దూకే దూరానికీ సంబంధం లేదని రాసేస్తే ఎట్లుంటుంది? గీత కింద ఉన్నవాళ్ళు ఆ గ్రౌండులోనే లేరు. మా శాస్త్రంలో దీన్ని పరిధి కుదింపు అంటారు. కొబ్బరికాయ కథే, అంకెల వేషంలో.

వద్దన్న చోట బోరు వేసి చూసిన సందర్భం చరిత్రలో ఎప్పుడైనా ఉందా అంటే, అనుకోకుండా ఒకసారి జరిగింది. టెక్సాస్ రాష్ట్రం, హ్యూస్టన్‌లోని మెడికల్ స్కూలు, 1979. ఇంటర్వ్యూలు చేసి, ర్యాంకులు వేసి, 150 మందిని ఎంచుకున్నారు. అంతా అయిపోయాక రాష్ట్ర చట్టసభ, డాక్టర్లు చాలట్లేదు, ఇంకో యాభై మందిని తీసుకోండి అంది. అప్పటికి పై ర్యాంకులవాళ్ళు వేరే చోట చేరిపోయారు. మిగిలింది ఇంటర్వ్యూ జాబితాలో అట్టడుగున పడేసినవాళ్ళు. వాళ్ళలోంచే యాభై మందిని తీసుకున్నారు. ఆ తర్వాత రెండు గుంపులనూ చదువు పొడుగునా, డాక్టర్లయ్యాక మొదటి ఏడాది దాకా వెంబడించి చూశారు. తేడా లేదు. మానేసినవాళ్ళలో లేదు, మార్కుల్లో లేదు, రోగుల దగ్గర పనిలో లేదు. 1987లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అంటే ఇంటర్వ్యూలో పెద్ద పెద్ద ప్రొఫెసర్లు కూర్చుని, ఈ కుర్రాడిలో ఏదో మెరుపుంది, ఆ కుర్రాడిలో లేదు అని రాసుకున్నదంతా కొబ్బరికాయే. అందరి మార్కులూ మొదటే ఒక స్థాయి దాటి ఉన్నాయన్నది మరిచిపోవద్దు, కానీ ఆ పైన మనుషులు కలిపిన తెలివి మాత్రం ఏమీ పనికి రాలేదు. ఆ చట్టసభకు డబ్బులూ అవసరమూ లేకపోయి ఉంటే ఆ ప్రొఫెసర్లు తమ చెయ్యి చాలా మంచిదనుకుంటూనే రిటైరై ఉండేవాళ్ళు.

మనుషులు తప్పు చేస్తారు కాబట్టి మిషన్‌కు అప్పజెబుదాం అంటారు ఇప్పుడు. దానికీ పాత కథే ఉంది. లండన్‌లో సెయింట్ జార్జెస్ హాస్పిటల్ మెడికల్ స్కూల్లో అప్లికేషన్లు వడపోయడానికి డెబ్బైల చివర్లో ఒక ప్రోగ్రాము రాశారు. మనుషుల కమిటీ ఏం చేస్తుందో అదే చేయాలన్నది లక్ష్యం, నూటికి తొంభై పైగా కమిటీ నిర్ణయంతో సరిపోయేది కూడా. బ్రహ్మాండం అనుకున్నారు. తీరా 1988లో విచారణ పూర్తయ్యాక తేలిందేమిటంటే, ఆడపిల్లలకు, యూరప్ పేర్లు కానివాళ్ళకు అది మార్కులు కోస్తోంది. అట్లా ఏటా అరవై మంది దాకా ఇంటర్వ్యూకు కూడా పిలుపు రాకుండా పోయి ఉండొచ్చని తేల్చారు. ఆ కోత ఎక్కడి నుంచి నేర్చుకుంది? కమిటీ దగ్గరే. కమిటీ మనసులో ఉన్నది మిషన్ కాగితం మీద పెట్టింది, అంతే. ఒక రకంగా మిషన్ మేలు, దాన్ని విప్పి చూడగలిగారు. నన్ను విప్పి చూస్తే ఆ తండా పిల్ల విషయంలో ఏం కనబడేదో నేను చెప్పలేను, చెప్పదలచుకోలేదు కూడా.

ఇక్కడ బీటెక్ పిల్లలు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. మీలో ఎంతమంది ఫైనలియర్ ప్రాజెక్టు "స్టూడెంట్ పర్ఫార్మెన్స్ ప్రిడిక్షన్"? (నవ్వులు) నాకు తెలుసు. ప్రతి కాలేజీలో ప్రతి ఏడాది ఒక బ్యాచ్‌కు ఇదే. డేటా ఎక్కడిది నాయనా అంటే నెట్‌లో దొరికింది సార్ అంటారు. అది ఎక్కువసార్లు పోర్చుగల్‌లో రెండు స్కూళ్ళ నుంచి తీసిన డేటా, 2008లో బయటికొచ్చింది. మ్యాథ్స్‌లో 395 మంది, పోర్చుగీసు భాషలో 649 మంది. అందులో పిల్లవాడు సెలవు రోజుల్లో ఎంత తాగుతాడు, ప్రేమలో ఉన్నాడా అనే కాలమ్స్ కూడా ఉంటాయి. దాన్ని మోడల్‌కు, అంటే అంచనా వేసే ప్రోగ్రాముకు ఎక్కించి, మన నారాయణపేట పిల్లవాడు పాసవుతాడా అని అడుగుతాం. నవ్వొచ్చే విషయమే గానీ ఆ డేటాలో ఒక మంచి పాఠం దాగి ఉంది. మీ ప్రాజెక్టులో తొంభై శాతం కచ్చితత్వం వచ్చిందని రాస్తారు కదా, అది ఎక్కడి నుంచి వచ్చింది? ఆఖరి పరీక్ష మార్కులు చెప్పడానికి అదే ఏడాది మొదటి రెండు టర్ముల మార్కులు ఇస్తున్నారు కాబట్టి. ఆ రెండు కాలమ్స్ తీసేసి నడపండి ఒకసారి. కచ్చితత్వం దబ్బున పడుతుంది. తల్లి చదువు, తండ్రి ఉద్యోగం, ఇంట్లో నెట్ ఉందా, ప్రయాణం ఎంత దూరం, ఇవన్నీ కలిసినా ఆ రెండు టర్ముల మార్కులు చెప్పినంత చెప్పలేవు.

అంటే, పిల్లవాడు గేటు బయట ఉన్నప్పుడు మనకు తెలిసేది తక్కువ. లోపలికొచ్చి రెండు నెలలు కూర్చుంటే తెలిసేది ఎక్కువ. ఇంత మామూలు విషయానికి కంప్యూటర్ అక్కర్లేదని మీరనొచ్చు, మా అటెండరుకు కూడా తెలుసు. దసరా సెలవుల తర్వాత రాని పిల్ల ఇక రాదని ఆయన చెప్తే చాలామటుకు అంతే అవుతుంది.

మన దగ్గర ఆ మిగతా మూడు పావుల్లో ఏముంది? నేను చూసినంతలో చెప్తాను. పత్తి ఏరడం ఉంది. అక్టోబరు, నవంబరుల్లో మా క్లాసు సగమవుతుంది, కూలీలు దొరకరు, ఇంట్లో పిల్లలే చేనుకు పోవాలి, అవే రోజుల్లో ఇంటర్నల్స్. బస్సు ఉంది. ఊరికి పొద్దున ఒకటే బస్సు, అది తప్పితే మొదటి రెండు పీరియడ్లూ పోయినట్టే, అటెండెన్స్ 75 శాతం కింద పడితే స్కాలర్‌షిప్ పోతుంది, స్కాలర్‌షిప్ పోతే చదువు పోతుంది. మీ వైపు వలస ఉంది. తల్లిదండ్రులు పుణెకో బొంబాయికో పోతే ముసలవ్వను, తమ్ముళ్ళను చూసుకుంటూ చదివే పిల్ల, ఇంటర్ మెమోలో ఆ కాలమ్ ఉండదు. ఇంగ్లీషు ఉంది. పన్నెండేళ్ళు తెలుగులో చదివి, మొదటి సెమిస్టర్లో ఇంగ్లీషు టెక్స్ట్‌బుక్ తెరిచి, ఒక వాక్యానికి పది నిమిషాలు కూర్చుని, "నాకు తెలివి లేదు సార్" అనే పిల్లలు ఎంతమందో. తెలివి లేక కాదు, ఆ పిల్ల ఒకేసారి రెండు సబ్జెక్టులు చదువుతోంది. అలవాటు పడ్డాక మూడో సెమిస్టర్ నుంచి అదే పిల్ల మార్కులు లేస్తాయి. కానీ మొదటి సెమిస్టర్ దాటాలి కదా.

ఇవన్నీ తెలుసు కదా, మోడల్‌లో పెడితే పోలే అంటారా? ఆగండి. తండా, మీడియం, బస్సు అని కాలమ్స్ పెట్టగానే మోడల్ ఏం చెప్తుందంటే, "ఇట్లాంటివాళ్ళు గతంలో మానేశారు, కాబట్టి ఈమెకు సీటొద్దు" అని. 2020లో ఇంగ్లండ్‌లో ఇదే జరిగింది. కోవిడ్‌తో పరీక్షలు లేవు, టీచర్లు వేసిన గ్రేడ్లను ఒక అల్గారిథం సరిచేసింది, స్కూలు గత చరిత్ర చూసి. దాదాపు నలభై శాతం గ్రేడ్లు తగ్గాయి. అంతకుముందు అంత మంచి ఫలితాలు రాని స్కూల్లో ఆ ఏడాది ఒక చురుకైన పిల్లవాడుంటే, మీ స్కూలు చరిత్రలో ఇట్లాంటివాడు లేడు పో అన్నట్టయింది. పిల్లలు రోడ్డెక్కారు, ఆగస్టు 17న వెనక్కి తీసుకున్నారు. మన గద్వాల జిల్లాలో అక్షరాస్యత మాటెత్తితే గట్టు మండలం పేరు వస్తూనే ఉంటుంది. ఆ ఊళ్ళ నుంచి డిగ్రీ పూర్తి చేసినవాళ్ళు గతంలో తక్కువ కాబట్టి ఇప్పుడొచ్చిన పిల్లకు మార్కులు కోయమంటే ఒప్పుకుంటారా? ఒప్పుకోరు. అదే సమాచారాన్ని, ఈ పిల్లకు మొదటి సెమిస్టర్లో ఎవరైనా తోడుండాలి అని చదివితే? అంకె అదే. దాన్ని ఏ చేత్తో పట్టుకుంటున్నాం అన్నదే తేడా.

బాసర ట్రిపుల్ ఐటీ పద్ధతి నాకు ఇష్టం. 2008లో పెట్టినప్పటి నుంచి వాళ్ళు ఊరి పిల్లలను దృష్టిలో పెట్టుకున్నారు, ప్రభుత్వ బడుల్లో చదివిన పిల్లల జీపీఏకి 0.4 కలుపుతూ వచ్చారు. అంటే జిల్లా పరిషత్ హైస్కూల్లో 9.6, ప్రైవేటు స్కూల్లో 10 ఒకటే అని ప్రకటన. చాలామంది దీన్ని దయ అనుకుంటారు, నేను కొలత అనుకుంటాను. చేదతో తోడిన నీళ్ళకు వేరే కొలపాత్ర. ఆ 0.4 సరైన అంకేనా, 0.3 ఉండాలా, 0.7 ఉండాలా అన్నది వేరే సంగతి, చేరిన పిల్లలను ఆరేళ్ళు చూస్తే లెక్క తేలుతుంది. టెక్సాస్‌లో 1997లో ఇంకో దారి పట్టారు. ప్రతి హైస్కూల్లో మొదటి పది శాతంలో ఉన్నవాళ్ళకు రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో సీటు ఖాయం అని చట్టం చేశారు. నీ బడిలో, నీతోపాటు అదే నీళ్ళు తాగినవాళ్ళలో నువ్వెక్కడున్నావు అని చూడటం. అప్పటి మన నల్లగొండ జిల్లాలో 1971లో పీవీ నరసింహారావు చొరవతో సర్వేల్ గురుకులం మొదలైంది, ఊళ్ళల్లో చురుకైన పిల్లలను ఏరి తెచ్చి ఒకచోట చదివించాలని. అక్కడ చదివి పెద్ద ఉద్యోగాలకు పోయినవాళ్ళ గురించి మనం గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ చూడండి, మళ్ళీ నా రోగం బయటపడుతోంది, ఆ పరీక్షలో సీటు రాక ఊళ్ళోనే ఉండిపోయిన పిల్లలు ఏమయ్యారో ఎవరూ రాసుకోలేదు.

పరీక్షలు వద్దు అంటున్నానని మాత్రం రాసుకోకండి. తమిళనాడు 2006–07 ప్రాంతంలో ఇంజినీరింగ్ ఎంట్రెన్స్ ఎత్తేసి పన్నెండో తరగతి మార్కులతోనే సీట్లిస్తోంది, వాళ్ళ వాదన వాళ్ళకుంది. అమెరికాలో ఎంఐటీ కోవిడప్పుడు శాట్ ఆపి 2022లో మళ్ళీ పెట్టింది. మంచి స్కూలు లేని పేద పిల్లల్లో మ్యాథ్స్ గట్టిగా వచ్చినవాళ్ళను గుర్తించడానికి పరీక్షే పనికొస్తోంది అన్నారు. రెండూ నిజం కావొచ్చు, ఎవరిని, దేనికోసం ఏరుతున్నాం అన్నదాన్ని బట్టి.

ఇక మీరు ప్రశ్నలడగండి. నారాయణపేట బస్సు అందుకోవాల్సినవాళ్ళు ముందు అడగండి.

(ఒక విద్యార్థిని: సార్, నాకు ఇంటర్‌లో 48 శాతమే. మీ లెక్కల ప్రకారం నేను ఫెయిలైతనా?)

నా లెక్క నీ గురించి ఏమీ చెప్పదమ్మా. 48 శాతం వచ్చిన వందమందిని తీసుకొస్తే, 78 వచ్చిన వందమంది కంటే వీళ్ళలో కొంచెం ఎక్కువమంది ఇబ్బంది పడతారని చెప్తుంది. ఆ వందమందిలో ఇబ్బంది పడేది ఎవరో దానికి తెలియదు. నువ్వు మొన్నటి ఇంటర్నల్ రాశావా? రాశావు కదా. నీ 48 కంటే ఆ కాగితానికే నీ గురించి ఎక్కువ తెలుసు. అది పట్టుకుని మీ సారు దగ్గర కూర్చో.

(ఒక అధ్యాపకుడు: ఇదంతా బాగుంది గానీ, సీట్లు తక్కువ, అప్లికేషన్లు ఎక్కువ ఉన్నప్పుడు ఏదో ఒక గీత గీయాలి కదా?)

హైదరాబాద్‌లో పేరున్న కాలేజీలో కంప్యూటర్ సైన్స్‌కు, మెడిసిన్‌కు గీత తప్పదు, ఒప్పుకుంటాను. కానీ సార్, మీ డిగ్రీ కాలేజీలో ఎన్ని సీట్లు నిండాయి ఈ ఏడాది? (నవ్వులు) మా దగ్గరా అంతే. దోస్త్ మూడు విడతలయ్యాక కూడా ఖాళీలే. సీట్లు ఖాళీగా ఉన్న చోట గీత గీసేది ఎవరు? కమిటీ కాదు, మిషన్ కాదు. కౌంటర్లో కూర్చుని "వద్దమ్మా, బీఏ పెట్టుకో" అన్న నేను. మనకు కావలసిన అంచనా ఎవరికి సీటు ఇవ్వాలని కాదు, దసరా తర్వాత ఎవరు రారు అని. దానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. అడ్మిషన్ రిజిస్టర్ ఆఫీసు బీరువాలో ఉంటుంది, రిజల్ట్స్ ఎగ్జామినేషన్ బ్రాంచ్‌లో ఉంటాయి, అటెండెన్స్ డిపార్ట్‌మెంట్లో ఉంటుంది. మూడూ ఒక టేబుల్ మీదికి ఎప్పుడూ రావు. మేం గత మూడు బ్యాచ్‌లవి తెచ్చి ఒక ఎక్సెల్ షీటులో కలుపుతున్నాం, ఇంకా సగమే అయింది, ఒకే పిల్ల పేరు మూడు చోట్ల మూడు స్పెల్లింగులతో ఉంది, హాల్‌టికెట్ నంబరు పట్టుకుని వెతుక్కోవాల్సి వస్తోంది.

(అదే అధ్యాపకుడు: అది ఎవరు కూర్చుని చేస్తారు సార్, మాకు క్లాసులే సరిపోతున్నాయి.)

స్టాటిస్టిక్స్ పిల్లలకు ప్రాజెక్టుగా ఇవ్వండి, పేర్లు తీసేసి నంబర్లు మాత్రమే ఇవ్వండి. పోర్చుగల్ డేటా కంటే ఇది మేలు కదా. ఇక్కడ కూర్చున్న ఫైనలియర్ వాళ్ళలో ఎవరైనా చేస్తారా? ఒకరు... ఇద్దరు. ఆ కిటికీ దగ్గర అమ్మాయి, నువ్వు చెయ్యి ఎత్తుతున్నావా, ఫ్యాను వేయమంటున్నావా? ఎత్తినట్టే రాసుకుంటాను. మీటింగ్ అయ్యాక ముగ్గురూ ఒకసారి ఇటు రండి, ఏ రిజిస్టర్ ఎవరి దగ్గర అడగాలో చెప్తాను.